ఎవరూ పాడని పాట

వినాయక చవితికి మా కాలనీ పందిట్లో మూడో రోజు సాయంత్రం ఒక కొత్త పాట మోగింది. పల్లవి గణపతి మీద. సన్నాయి ఉంది, మృదంగం ఉంది, వెనక వంత పాడే గుంపు ఉంది. గొంతు నిండుగా, ఎక్కడా వణుకు లేకుండా సాగింది. రెండో చరణానికి వచ్చేసరికి చందాలు ఇచ్చినవాళ్ళ పేర్లు వినిపించాయి. లడ్డూ దాత పేరు, మండపం దాత పేరు, వచ్చే ఎన్నికల్లో మా వార్డు నుంచి నిలబడాలనుకుంటున్న ఒకాయన పేరు, అన్నీ ప్రాసలో చక్కగా కుదిరి గణపతి పేరు పక్కనే చేరాయి. సౌండ్ బాక్సుల దగ్గర ఉన్న కుర్రవాణ్ణి పిలిచి, "బాగుంది బాబూ, ఎవరు పాడారు?" అని అడిగాను.

"ఎవరూ పాడలేదు బాబాయ్ గారూ. ఫోన్లో చేశాం. పేర్లు ఇస్తే పది నిమిషాల్లో వచ్చింది" అన్నాడు.

టెంటు ఎక్కడి నుంచి తెచ్చారంటే చెప్పినంత మామూలుగా చెప్పాడు. నేను మాత్రం 'ఎవరూ పాడలేదు' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. దేవుడి ముందు పాట మోగుతోంది. వినేవాళ్ళు ఉన్నారు, చేయించినవాళ్ళు ఉన్నారు, పేర్లు ఎక్కినవాళ్ళు ఉన్నారు. పాడినవాళ్ళు లేరు. పూలు ఎవరో ఒకరు కోసి తెచ్చారు, ఉండ్రాళ్ళు ఎవరో ఒకరు వండారు, పందిరి గుంజలు ఎవరో ఒకరు పాతారు. పాట ఒక్కటే ఏ మనిషి దగ్గర నుంచీ రాలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక నాకు గుర్తొచ్చినవి తిరుమల రాగిరేకులు. దేవుడి పాటను మనిషి గొంతు నుంచి వేరు చేసి ఒక వస్తువులో దాచే పని తెలుగువాళ్ళు అంత పెద్ద ఎత్తున చేసిన చోటు మరొకటి నాకు తెలియదు. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న, పాటను తానే కట్టి తానే పాడే కృత్రిమ మేధ (ఏఐ) యంత్రాన్ని అర్థం చేసుకోవడానికి అక్కడి నుంచి మొదలుపెట్టడమే మంచిదని నాకు అనిపిస్తుంది.

తాళ్ళపాక అన్నమాచార్యుడు 1408లో పుట్టి 1503లో కన్నుమూశాడు. 32 వేల సంకీర్తనలు చెప్పాడని సంప్రదాయం. ఆయన కొడుకు పెద తిరుమలాచార్యుడి పూనికతో అవి రాగి మీదికి ఎక్కాయి. ఆ రోజుల్లో రాగి మీద చెక్కించేది దానశాసనాలను. ఒక అగ్రహారాన్ని ధారపోస్తే, ఆ దానం ఆచంద్రార్కం నిలవాలని రాగిరేకుల మీద రాయించేవారు. తాటాకు పుస్తకాన్ని పురుగు తింటుంది, పెళుసెక్కుతుంది, తరానికోసారి ఎవరో కూర్చుని తిరగరాస్తేనే బతుకుతుంది. తాళ్ళపాకవారు పాటకు భూదానానికి ఉన్న హోదా ఇచ్చారు. శ్రీవారి ఆలయంలోనే ఒక రాతి అరను సంకీర్తన భండారం చేసి, రేకులను అందులో భద్రపరిచారు. ఆ కాలానికి అది అత్యాధునిక సాంకేతికత అంటే తప్పు లేదు.

తరవాత వాళ్ళ వైభవం తగ్గింది, అర మూతపడింది, పాడే పరంపర సన్నగిల్లింది. కాంప్‌బెల్ అనే ఆంగ్లేయ అధికారి తెలుగు వ్యాకరణం రాస్తూ, తిరుపతి రాగిరేకుల్లో పాత వ్యాకరణ గ్రంథం ఒకటి ఉందని విని వాటిని పరీక్ష చేయించాడు. దేవుడి మీద కీర్తనలు తప్ప తనకు కావలసింది దొరకలేదని 1816 నాటి తన పుస్తకంలో రాసి ఊరుకున్నాడు. పండితుల దృష్టి వాటి మీద నిలవడానికి ఇంకో నూరేళ్ళు పట్టింది. 1922 ప్రాంతంలో సుమారు రెండున్నర వేల రేకులు వెలుగులోకి వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి మహానుభావులు ఆ అక్షరాలతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి, పరిష్కరించి, సంపుటాలుగా మన చేతికి ఇచ్చారు. 12 వేలకు పైగా పాటలు ఇలా దక్కాయి.

అయితే దక్కింది సాహిత్యం. రేకు మీద పాట పైన రాగం పేరు ఉంటుంది. స్వరం ఉండదు. ఏ అక్షరాన్ని ఎంతసేపు పట్టుకోవాలో, పల్లవిని ఎక్కడ ఎత్తుకోవాలో, 'వేంకటేశ' అన్న మాట దగ్గర గొంతు పైకి లేవాలో కిందికి వాలాలో రాగి చెప్పదు. అన్నమయ్య నోట ఆ పాట ఎలా పలికిందో ఈ లోకంలో ఎవరికీ తెలియదు. నాలుగు వందల ఏళ్ళు చెక్కు చెదరకుండా మాటను కాపాడిన లోహం పాటను కాపాడలేకపోయింది.

ఈ మాట చెప్పినప్పుడు చాలామంది అయ్యో అంటారు. నేనూ అన్నాను ఒకప్పుడు. ఇప్పుడు అలా అనలేను. ఆ ఖాళీలోకే కదా మనుషులు వచ్చింది! రాళ్ళపల్లివారు నూరుకు పైగా పాటలకు స్వరం కట్టారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ కట్టారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును పెట్టాక నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివారు ఆ పనికి జీవితాలే ఇచ్చారు. గరిమెళ్ళవారు ఒక్కరే వందల పాటలకు వరసలు కట్టారు. తెలుగిళ్ళలో ఈ రోజు 'అన్నమయ్య పాట' అని పాడుకుంటున్నదంతా సగం అన్నమయ్యది, సగం వీళ్ళది.

'నానాటి బతుకు నాటకము' తీసుకోండి. నేదునూరివారు దాన్ని రేవతిలో కట్టారు. గాంధారం, ధైవతం లేకుండా అయిదే స్వరాలున్న రాగం అది. వేదం చదువుతున్నట్టు నిలకడగా, కొంచెం ఎడంగా నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. 'పుట్టుటయు నిజము, పోవుటయు నిజము, నట్టనడిమి పని నాటకము' అన్న మాటలు ఆ స్వరాల మీద పడేసరికి ఏడుపు రాదు, భయం వేయదు, ఒక తెరిపి కలుగుతుంది. రేకు మీద ఆ పాటకు ఉన్న రాగం వేరు. కవి పేర్కొన్న రాగాన్ని మార్చే హక్కు మీకెక్కడిది అని అడిగే సంగీతజ్ఞులు ఉన్నారు, వాళ్ళ ప్రశ్నలో బలం కూడా ఉంది. నాకు ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ ప్రశ్న అడగడానికి అక్కడ ఒక మనిషి ఉన్నాడు. ఆయన ఒక రాగాన్ని కాదని ఇంకో రాగాన్ని ఎంచుకున్నాడు. ఎందుకని అడిగితే జవాబు చెప్పవలసిన పూచీ ఆయనది.

అదే పాటను ఈ రోజు యంత్రానికి ఇస్తే అరనిమిషంలో వరస కడుతుంది. ఇప్పటికే ఉన్న వేల పాటలను మింగి, ఏ మాట తరవాత ఏ పలుకుబడి ఎక్కువసార్లు వచ్చిందో లెక్కగట్టి, అలవాటైన దారినే నడుస్తుంది. ఆ పాట బాగుండవచ్చు కూడా. మా పందిట్లో పాట బాగానే ఉంది, నేనే అన్నాను. కానీ ఎందుకు ఈ రాగం అని అడగడానికి ఎవరూ లేరు. ఇంకోలా చేసి ఉండవచ్చు, అయినా ఇలాగే చేస్తాను అని తేల్చుకున్న క్షణం ఆ పాట వెనక ఎక్కడా లేదు. కళలో స్వేచ్ఛ అని మనం దేన్ని అంటామో అది ఆ క్షణంలోనే ఉంటుందని నా నమ్మకం.

కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ ఇలాంటి ఆందోళన ఉన్నదే అని ఎవరైనా అనవచ్చు. నిజమే, ఉంది. హార్మోనియం మన గమకాలను పలికించలేదని 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని గడప తొక్కనివ్వలేదు. ఆ ముప్పై ఏళ్ళూ తెలుగు పల్లెల్లో భజన గుడులు, పద్యనాటకాలు హార్మోనియం మీదే బతికాయి. రేడియో పెద్దలు పొరపడ్డారు, పల్లెటూరి భజన గురువులు పొరపడలేదు. మైకు వచ్చినప్పుడు, చివరి వరస దాకా గొంతు చేర్చలేనివాడు గాయకుడేమిటని విసుక్కున్నవాళ్ళు ఉన్నారు. ఆ మైకే లేకపోతే గుసగుసలాంటి మృదువైన గొంతులకు వేదిక దక్కేది కాదు. ఆకాశవాణి విజయవాడ 'భక్తిరంజని' ఎన్ని ఇళ్ళలో తెల్లవారుజాము అయిందో నా వయసువాళ్ళకు చెప్పనక్కర లేదు. 2009 మేలో సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో, అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళు పెట్టుకున్న సంస్థ సిలికానాంధ్ర పూనికతో, లక్షకు పైగా మంది ఒక్కసారిగా అన్నమయ్య పాటలు పాడారు. మైకులు, తెరలు, కంప్యూటర్లు లేకుండా అది జరిగే పనే కాదు. అక్కడ యంత్రం ఎంత ఉన్నా, లక్ష నోళ్ళు తెరుచుకున్నాయి.

1902లో కలకత్తాలో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ గ్రామఫోనుకు పాడినప్పుడు, మూడు నిమిషాల పాట ముగిశాక తన పేరు తానే గట్టిగా ఇంగ్లీషులో చెప్పింది. రికార్డు తయారుచేసే విదేశీ పనివాళ్ళకు అది ఎవరి గొంతో తెలియడం కోసం అలా చెప్పించేవారని అంటారు. కారణం ఏదైనా, ఆ మైనపు పలక మీద పాటతో పాటు ఒక మనిషి పేరు ఎక్కింది. ఇది నేను పాడాను అని. రాగిరేకు, గ్రామఫోను, రేడియో, క్యాసెట్టు, ఇవన్నీ మనిషి పాడినదాన్ని మోసుకెళ్ళిన బండ్లు. మోసే దారిలో కొంత ఒలికిపోయింది, కొంత మారింది. కానీ బండిలో ఉన్నది ఒకరి పాటే. ఇప్పుడు వచ్చినది బండి కాదు. సరుకే తాను తయారుచేస్తానంటోంది. ఈ తేడాను చూడకుండా, హార్మోనియాన్నీ వద్దన్నారు కదా అని సర్దిచెప్పుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడం అవుతుంది.

ఇక స్వేచ్ఛ మాట. అన్నమయ్య జీవితంలో ఒక ఘట్టం తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్రలో ఉంది. పెనుగొండలో సాళువ నరసింహరాయలు ఆయన పాడిన శృంగార సంకీర్తన విని పులకించిపోయి, ఇలాంటిదే నా మీద కూడా ఒకటి చెప్పమన్నాడు. రాజు అడిగింది చిన్న కోరిక. అన్నమయ్యకు అది చేతకానిదీ కాదు. వేల పాటలు ఆశువుగా చెప్పినవాడికి ఒక పేరు తీసి ఇంకో పేరు పెట్టడం ఎంతసేపు? హరి హరీ అని చెవులు మూసుకున్నాడు. హరిని కొలిచే నాలుకతో ఇంకొకరిని పొగడలేనన్నాడు. రాజుకు కోపం వచ్చింది, సంకెళ్ళు పడ్డాయి. స్వామిని తలచుకుని పాడితే ఆ సంకెళ్ళు ఊడిపడ్డాయని చిన్నన్న చెబుతాడు.

సంకెళ్ళు ఊడిన సంగతిని నమ్మడం, నమ్మకపోవడం ఎవరిష్టం వారిది. చరిత్రకారుడు దాన్ని పక్కన పెట్టవచ్చు. కానీ ఒక కుటుంబం తమ తాతగారి గురించి లోకానికి చెప్పవలసిన సంగతులను ఏరుకున్నప్పుడు, ఆయన ఎన్ని పాటలు పాడాడో చెప్పి ఊరుకోలేదు. ఒక పాట పాడనన్నాడని చెప్పుకుంది. ఆ కాదన్న ఒక్క మాట, పాడిన వేల పాటలకూ విలువ కట్టింది. పాడకుండా ఉండగలిగినవాడు పాడితేనే అది సమర్పణ. కాదనగలిగినవాడు ఔనంటేనే అది భక్తి.

మా పందిరి పాట నన్ను కలవరపెట్టింది ఇందుకే. అన్నమయ్య తన పాటల చివర, కవి పేరు ఉండే చోట, వేంకటేశ్వరుడి పేరు పెట్టాడు. రాజు అడిగినా ఆ చోటు ఇవ్వలేదు. మా పందిట్లో ఆ చోటును వార్డు ఎన్నికల్లో నిలబడబోయే ఒకాయన ఆక్రమించాడు, అడ్డు చెప్పినవాళ్ళు లేరు. కుర్రవాళ్ళ తప్పు కాదు. వాళ్ళకు డబ్బు కావాలి, దాతలకు పేరు కావాలి. పాతరోజుల్లో అయితే ఊళ్ళో పాట కట్టే ఒక భజన గురువు దగ్గరికి వెళ్ళవలసి వచ్చేది. ఆయన ఒప్పుకునేవాడో, లేక "దేవుడి పాటలో ఇతని పేరేమిటయ్యా, గోడ మీద రాయించుకోమను" అని గసిరేవాడో తెలియదు. ఎంతోమంది గురువులు నూటపదహార్లకు ఒప్పుకునేవాళ్ళే కావచ్చు. రాజుల్ని దేవుళ్ళని పొగిడిన కవులు మనకు కొదవా? అయినా కాదనే వీలు ఆ మనిషిలో ఉండేది. యంత్రానికి ఎవరి పేరు ఇచ్చినా పాడుతుంది. ఉదయం రాముడి మీద, మధ్యాహ్నం రియల్ ఎస్టేట్ వెంచర్ మీద, సాయంత్రం ఒక వర్గాన్ని తిట్టిపోస్తూ, అదే నిండు గొంతుతో, అదే సన్నాయితో పాడుతుంది. యంత్రం తయారుచేసిన సంస్థలు కొన్ని కోరికలను నిరాకరించేలా నియమాలు పెట్టవచ్చు, పెడుతున్నాయి కూడా. అది కోటకు కాపలా పెట్టడం. చెవులు మూసుకుని హరి హరీ అనడం వేరు.

ఇక్కడ ఒక పెద్ద ఆక్షేపణ ఉంది. అది బయటి నుంచి కాదు, అన్నమయ్య నోటి నుంచే వస్తుంది. 'దాచుకో నీ పాదాలకు' అన్న పాటలో ఆయన స్వామితో అంటాడు: 'నా నాలికపై నుండి నానా సంకీర్తనలు, పూని నాచే నిన్ను పొగడించితివి'. నేను పాడలేదు, నువ్వే నా నాలుక మీద కూర్చుని పాడించుకున్నావు, నిన్ను పొగడడానికి నేనెంతవాణ్ణి అంటున్నాడు. భక్తి కవులందరూ ఏదో ఒక రూపంలో ఈ మాట అన్నవాళ్ళే. పలికించెడివాడు రామభద్రుడు అని పోతన అన్నాడు. మరి కవే తాను పనిముట్టునని చెబుతుంటే, ఇంకో పనిముట్టును చూసి మీకు బాధేమిటి? అహంకారం ఏ కోశానా లేని యంత్రం ఇంకా శుద్ధమైన పనిముట్టు కదా?

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు. ఇప్పటికి నాకు తోచిన సమాధానం ఇది. 'నువ్వే పాడించావు' అనడానికి ముందు ఆ నాలుక తనదై ఉండాలి. తనది కానిదాన్ని ఎవరూ ధారపోయలేరు. దానశాసనంలో అగ్రహారం ఎల్లలు తూర్పున ఫలానా చెరువు, పడమర ఫలానా గుట్ట అని రాసేది, ఇచ్చేవాడికి దాని మీద హక్కు ఉందని రుజువు చేయడానికే. అన్నమయ్య తన నాలుకను స్వామికి రాసిచ్చాడు. అది తన సొత్తని పెనుగొండలో రుజువు చేసుకున్నాడు, రాజుకు ఇవ్వనని. యంత్రం దగ్గర రాసివ్వడానికి ఏముంది? దాని మాట దానిది కాదు, ఎందరో పాడినదాన్ని పోగేసుకున్నది. శరణాగతి చేయాలంటే శరణు వేడకుండా ఉండగలిగే ఒకరు ఉండాలి. వినయమూ అహంకారమూ రెండూ ఉన్నవాడే అహంకారాన్ని వదులుకోగలడు. అది లేనిదాన్ని నిరహంకారి అనడం రాయిని బ్రహ్మచారి అనడం వంటిది.

కళ, విశ్వాసం అని పెద్ద మాటలు మాట్లాడుతూ పొట్టకూటి సంగతి మరిస్తే అన్యాయం చేసినట్టే. మనలో చాలామంది గమనించకుండానే గుడిలో మనిషి స్థానాన్ని యంత్రం తీసుకుని చాలా ఏళ్ళయింది. ఏ చిన్న గుడికైనా వెళ్ళండి. గర్భగుడి పక్క గోడకు ఒక ఇనుప చట్రం బిగించి ఉంటుంది. చిన్న మోటారు, రెండు గంటలు, ఒక డోలు, ఒక జత తాళాలు. హారతి వేళకు పూజారి స్విచ్ వేస్తే కర్రలు వాటంతటవే డోలు మీద పడుతుంటాయి. గంట ఆగకుండా గణగణమంటుంది. హారతి పళ్ళెం పైకి లేచినా, కిందికి దిగినా, నెమ్మదిగా తిప్పినా, తొందరగా తిప్పినా దాని దరువు మారదు. మేళగాడు ఉంటే అతని కన్ను హారతి మీద ఉండేది. కర్పూరం వెలిగిన క్షణానికి దరువు ముదిరేది, దీపం కొండెక్కుతుంటే మెల్లగా దిగేది. సన్నాయి డోలు మేళం మన ఊళ్ళలో ఎక్కువగా నాయీ బ్రాహ్మణులు తరతరాలుగా నిలబెట్టిన విద్య. గుడిలో మోగవలసిన ఆ విద్యకు ఊరు ఇచ్చిన గౌరవం ఎంతో, ఇచ్చిన కూలి ఎంతో వాళ్ళనే అడగాలి. కులం కట్టిపడేసిన వృత్తి అది. వాళ్ళ పిల్లలు సన్నాయి పక్కన పెట్టి ఇంజినీర్లు అవుతామంటే అది వాళ్ళ స్వేచ్ఛ, దాన్ని కాదనే అర్హత ఎవరికీ లేదు.

కానీ మోటారు వాళ్ళను విముక్తం చేయడానికి రాలేదు. నెల జీతం మిగుల్చుకోవడానికి వచ్చింది. సన్నాయి వాయించడం తప్పనిసరి అయిన కాలం పోయి, ఇష్టపడి వాయించే కాలం రావలసిన చోట, వాయించే చోటే లేకుండా పోయింది. ఏ కులంలో పుట్టిన పిల్లవాడైనా, ఆడపిల్ల అయినా, ఆ విద్య నేర్చుకుని గౌరవంగా గుళ్ళో వాయించుకునే ఏర్పాటు చేసి ఉంటే దాన్ని స్వేచ్ఛ అనేవాణ్ణి. హుండీ ఆదాయం బాగా ఉన్న గుళ్ళలో సైతం ఆ చట్రం కనిపించినప్పుడు నాకు కోపం వస్తుంది. గోపురానికి బంగారు రేకు తొడగడానికి డబ్బు ఉంటుంది, డోలు కొట్టే మనిషికి ఉండదా?

ఇప్పుడు అదే తర్కం గొంతు దాకా వచ్చింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020లో కన్నుమూశారు. ఆయన గొంతును యంత్రంతో పలికించి కుటుంబం అనుమతి లేకుండా ఒక తెలుగు సినిమాలో వాడారని 2024లో ఆయన కుమారుడు నోటీసు పంపవలసి వచ్చింది. అదే ఏడాది ఎ.ఆర్. రెహమాన్ మరణించిన ఇద్దరు గాయకుల గొంతులను వాళ్ళ కుటుంబాల అనుమతితో, ప్రతిఫలం ఇచ్చి వాడుకున్నారు. రెండోది మర్యాదైన పద్ధతి, ఒప్పుకుంటాను. అయినా నా మనసు పూర్తిగా ఒప్పదు. కుటుంబం ఇవ్వగలిగింది హక్కుల కాగితం. ఆ పాట నేను పాడతాను, ఆ మాట నాకు నచ్చలేదు, ఆ రోజు నా గొంతు బాగాలేదు అని చెప్పవలసిన మనిషి లేడు. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ గాయకుడికి పేరు చెప్పించుకునే హక్కును, తన ప్రదర్శనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కును ఇచ్చింది. కానీ అది జరిగిన ప్రదర్శన గురించి. అసలు జరగని ప్రదర్శన గురించి ఆ చట్టం రాసినవాళ్ళు ఊహించి ఉండరు. 2024 జూలైలో బొంబాయి హైకోర్టు అరిజిత్ సింగ్ గొంతును యంత్రాలతో అనుకరించకుండా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పేరున్నవాళ్ళు కోర్టుకు వెళ్ళగలరు. పల్లెల్లో బుర్రకథ చెప్పేవాళ్ళ గొంతు, ఒగ్గుకథ చెప్పేవాళ్ళ గొంతు, యూట్యూబులో ఎవరో పెట్టిన వీడియో నుంచి యంత్రానికి మేతైతే వాళ్ళు ఏ కోర్టుకు వెళ్తారు?

నేను యంత్రాలను గుడి బయట నిలబెట్టమనడం లేదు. రాగిరేకుల మీది ప్రతి అక్షరాన్నీ ఫొటో తీసి, అందరూ చదువుకునేలా పెడితే ఎంత బాగుంటుంది! అరిగిపోయిన అక్షరాలను పోల్చడంలో కంప్యూటర్ రాళ్ళపల్లివారి వారసులకు గొప్ప తోడు కాగలదు. చూపు లేనివారికి పాటను చదివి వినిపించవచ్చు. డాలస్‌లో పుట్టిన పిల్లకు 'వేంకట' అన్న మాటలో సున్న ఎలా పలకాలో వందసార్లు విసుగు లేకుండా చెప్పవచ్చు. వీటన్నిటి చివరా ఒక నోరు తెరుచుకుంటుంది. నేను కోరేది అదొక్కటే. దేవాలయాల్లో, మన పందిళ్ళలో, యంత్రం కట్టిన పాట మోగితే అది యంత్రం కట్టినదని చెప్పాలి. చనిపోయిన గాయకుల గొంతును దేవుడి పేరుతో పలికించే పని మానాలి. భక్తి పాటలకు వేదిక ఇచ్చే సంస్థలు వరస కట్టినవారి పేరు అడగాలి. పేరు లేకపోతే మోగించనక్కర లేదు.

ఆ 'దాచుకో' పాటలోనే ఇంకో మాట ఉంది. 'ఒక్క సంకీర్తనే చాలు ఒద్దికై మమ్ము రక్షించగ, తక్కినవి భండారాన దాచి వుండనీ'. నిజంగానే తక్కినవి భండారంలో దాగాయి, శతాబ్దాల పాటు. వేల పాటలు కట్టినవాడు ఒకటి చాలని అనడంలో ఉన్న తృప్తిని నేను మాటిమాటికీ తలచుకుంటాను. మా పందిరి పది రోజుల్లో ఆ ఫోను నలభై పాటలు కట్టింది. ఏదీ ఎవరికీ గుర్తు లేదు, ఆ కుర్రవాడికి కూడా.

తిరుమలలో పగలంతా క్యూ కాంప్లెక్సుల్లో, ఘాట్ రోడ్డు మలుపుల్లో, అద్దె గదుల ముందు లౌడ్ స్పీకర్లలో అన్నమయ్య పాటలు వినిపిస్తూనే ఉంటాయి. రికార్డులకు అక్కడ ఏ కొరతా లేదు. రాత్రి చివరి భక్తుడు కూడా వెళ్ళిపోయాక ఏకాంత సేవ మొదలవుతుంది. స్వామి వెండి విగ్రహమైన భోగ శ్రీనివాసమూర్తిని పాన్పు మీద పడుకోబెడతారు. పాలు, పండ్లు నివేదిస్తారు. తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి ముత్యాల హారతి అని సామెతలా చెప్పుకుంటారు. వైధవ్యం పేరుతో తల గొరిగించుకోనని ఊరి పెద్దలకు ఎదురు నిలిచి కొండ ఎక్కిన కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరు మీద ఆ హారతి. తాళ్ళపాక వంశీకుడు ఒకరు తంబుర పట్టుకుని వచ్చి, మూయబోయే తలుపుల దగ్గర నిలబడి లాలి పాడతారు. ఏదో ఒక రాత్రి ఆయనకు జలుబు చేసి ఉంటుంది. ఇంటి దగ్గర ఎవరికో ఒంట్లో బాగుండకపోవచ్చు. కొండ మీద మంచు పడే మార్గశిరంలో తంబుర తీగ శ్రుతి నిలవదు. ఆయన ఒకసారి ఆగి, తీగ సరిచేసుకుని, మళ్ళీ ఎత్తుకుంటారు.